ద్వీపమున మూలబడిన బండి

అట్లాంటిక్ మహాసముద్రపు దక్షిణభాగమున సెయింట్ హెలెనా అను చిన్న ద్వీపము కలదు. దాని వైశాల్యము సుమారు 122 చదరపు కిలోమీటర్లు. ఆఫ్రికా తీరము అచటికి దాదాపు 1,900 కిలోమీటర్ల దూరము. ఫ్రెంచి చక్రవర్తి నెపోలియన్ 1815లో బందీగా కొనిపోబడి, 1821లో కన్నుమూసినది ఈ ద్వీపముననే. పారిపోవుటకు వీలులేని చోటు గనుకనే ఆంగ్లేయులు దీనిని ఆయనకు చెరసాలగా ఎంచుకొనిరి. 2017 అక్టోబరు వరకు అచటికి నియతముగా ప్రయాణికుల విమానములు వచ్చెడివి కావు, ఓడయే దిక్కు.

ఇట్టి ద్వీపమున ఒక మోటారుబండి కొన్ని దశాబ్దములు ఉండిపోయి, చివరకు మూలబడినది. తెలియనివారు దానిని చూచినచో పాత ఇనుపసామాను అని తలచి, తూకమునకు అమ్మివేయుమని చెప్పెడివారే. కాని ఆ బండి అంతకుముందు ఖండములు దాటినది. దాని పేరు ఆక్స్‌ఫర్డు.

బండికి పేరేమిటని ఆశ్చర్యపడవచ్చును. ఓడలకును, ఏనుగులకును పేరు పెట్టుట కలదు గాని మోటారుబండ్లకు పేరు పెట్టువారు అరుదు. దీనికి పేరు వచ్చిన విధమిది. ఇంగ్లండునందలి ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయముల నడుమ చిరకాలముగా స్పర్ధ కలదు. ఏటేట థేమ్సు నదిలో జరుగు పడవపందెము అందుకు ప్రసిద్ధమైన నిదర్శనము. 1955లో ఈ రెండు విద్యాలయములకు చెందిన ఆరుగురు యువకులు ఆ స్పర్ధను ప్రక్కకు బెట్టి ఒక్కపనికి పూనుకొనిరి. లండను నగరమునుండి సింగపూరు వరకు, దారిలో అడ్డు వచ్చు సముద్రపు పాయలు తప్ప తక్కినదంతయు నేలమీదుగనే, మోటారుబండ్లలో పోవలెనని వారి సంకల్పము. అంతకు ముందు ఈ మార్గమున బయలుదేరినవారు లేకపోలేదు. కాని తుదిదాక చేరినవారు లేరు. భారతదేశమునకును బర్మాకును నడుమనున్న కొండలు, అడవులు వారిని ఆపివేసెను.

ఆ యువకులకు ఉత్సాహమున్నంత ధనము లేదు. ఇల్లిల్లు తిరిగి చందాలు వసూలుచేసినట్లుగా వారు వ్యాపారసంస్థల గడపలు త్రొక్కిరి. రోవర్ సంస్థ రెండు లాండ్ రోవర్ బండ్లను ఇచ్చెను. అప్పుడు బి.బి.సి. సంస్థలో యువకుడుగా పనిచేయుచుండిన డేవిడ్ అటెన్‌బరో, దారిలో చలనచిత్రము తీయుటకు ఫిల్మును ఇప్పించెను. ప్రకృతిని గూర్చిన చిత్రములతో ఆయన తరువాత లోకప్రసిద్ధుడయ్యెను. బండ్లు రెండింటిలో ఒకదానికి ముదురు నీలిరంగు, మరొకదానికి లేత నీలిరంగు వేసిరి. మొదటిది ఆక్స్‌ఫర్డు వారి రంగు, రెండవది కేంబ్రిడ్జి వారిది. పేర్లు కూడ అట్లే పెట్టిరి.

1955 సెప్టెంబరు 1వ తేదీన బండ్లు లండను నగరమునుండి బయలుదేరెను. ఐరోపా దాటి, ఇస్తాంబులు, డమాస్కసు, బాగ్దాదు, టెహరాను నగరములమీదుగా అవి భారతదేశమును ప్రవేశించెను. కలకత్తా దాటి అస్సాము చేరువరకు ప్రయాణము కష్టమైనను అసాధ్యము కాదు. అసలు పరీక్ష అచటినుండియే.

అస్సాములోని లీడో అను ఊరినుండి పాంగ్‌సౌ కనుమమీదుగా బర్మాలోనికి ఒక బాట కలదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున చైనాకు సామగ్రి పంపుటకై అమెరికా సేనాని స్టిల్‌వెల్ పర్యవేక్షణమున 1942 చివర ఆరంభమై 1945 మొదట పూర్తియైన బాట యిది. దీనిని నిర్మించుటలో వేలకొలది కూలీలు, సైనికులు శ్రమించిరి. పలువురు మలేరియాకు బలియైరి. యుద్ధము ముగియగానే ఆ బాట అవసరము తీరినది. పదేండ్లలో వానలకు వంతెనలు కొట్టుకొనిపోయెను, కొండచరియలు విరిగిపడెను, అడవి తిరిగి తన చోటు ఆక్రమించుకొనెను. ఆ ఆరుగురు 1956 మొదట ఆ బాట పట్టిరి. వంతెనలు లేనిచోట వాగులలోనికే బండ్లను దింపి దాటించిరి. 1956 మార్చి 6వ తేదీన రెండు బండ్లును సింగపూరు చేరెను. బయలుదేరిన నాటినుండి అప్పటికి ఆరు నెలలు దాటినది. వారిలో ఒకడగు టిమ్ స్లెసర్ ఈ యాత్రను గూర్చి 'ఫస్ట్ ఓవర్‌లాండ్' అను గ్రంథము వ్రాసెను.

సామాన్యమైన కారు చేయలేని పనిని ఈ బండి యెట్లు చేసెనో తెలిసికొనుటకు, అది పుట్టిన విధమును కొంచెము తెలియవలెను.

రెండవ ప్రపంచయుద్ధమున అమెరికావారు జీపు అను చిన్న సైనికవాహనమును తయారుచేసిరి. యుద్ధానంతరము మిగిలిపోయిన జీపులు దేశదేశములలో చౌకగా అమ్ముడుపోయెను. మన దేశమునను 1940వ దశకము చివర మహీంద్రా సంస్థ విల్లీస్ జీపులను కూర్చుట ప్రారంభించెను. అటవీశాఖవారికి, ఇంజనీర్లకు, రెవెన్యూ అధికారులకు చాలాకాలము అదియే వాహనము. ఇంగ్లండులో రోవర్ సంస్థ ప్రధాన ఇంజనీరు మారిస్ విల్క్స్ తన పొలముపనికి ఇట్టి పాతజీపు నొకదానిని వాడుచుండెను. అది అరిగిపోయినచో దానికి బదులు కొనదగిన బండి స్వదేశమున లేదు. అట్టిదానిని తామే యేల చేయరాదని ఆయనకు తోచెను. 1947లో నమూనా తయారై, 1948 ఏప్రిలు 30వ తేదీన ఆమ్‌స్టర్‌డామ్ నగర ప్రదర్శనమున లాండ్ రోవర్ లోకమునకు కనబడెను.

యుద్ధమువలన ఇంగ్లండులో అప్పుడు ఉక్కునకు కరవు. ప్రభుత్వము దానిని కొలిచి పంచుచుండెను. అల్యూమినియము మాత్రము, విమానముల నిర్మాణము తగ్గినందున, సులభముగా దొరకెడిది. అందువలన బండి చట్రమును ఉక్కుతో చేసి, పైరేకులను అల్యూమినియపు మిశ్రలోహముతో చేసిరి. కొరత వలన చేసిన ఈ యేర్పాటు తరువాత వరమయ్యెను. అల్యూమినియము ఇనుమువలె త్రుప్పుపట్టి రాలిపోదు. గాలి తగులగానే దానిమీద పలుచని ఆక్సైడు పొర ఏర్పడి, లోపలి లోహమునకు తానే కవచమగును.

ఇక చక్రముల సంగతి. ఆ కాలపు సాధారణమైన కారులలో పెక్కింటిలో ఇంజను శక్తి వెనుకటి రెండు చక్రములకే చేరెడిది. ముందు చక్రములు దారి చూపుటకే గాని లాగుటకు కావు. వెనుక చక్రములు బురదలో దిగబడినచో అవి ఉన్నచోటనే గిరగిర తిరుగును, బండి కదలదు. నాలుగు చక్రములకును శక్తి చేరు బండిలో వెనుకవి నెట్టుచుండగా ముందువి లాగును. దిగబడిన బండిని నలుగురు వెనుకనుండి నెట్టి, ఎడ్లు ముందునుండి లాగినట్లే ఇదియును.

శక్తిని ఇట్లు పంచుటకు బండిలో గేరుపెట్టె వెనుక మరియొక పెట్టె కలదు. ప్రధానమైన కాలువ నీటిని లాకు రెండు పిల్లకాలువలకు విడిచినట్లు, ఈ పెట్టె ఇంజను శక్తిని ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును విడుచును. ఇంతేగాక దీనియందు హెచ్చు, తగ్గు అని రెండు మెట్లు కలవు. ఎఱ్ఱ గుండుగల మీటను లాగినచో తగ్గుమెట్టు పడును. అపుడు బండి నడక మిక్కిలి మెల్లనై, లాగు బలము హెచ్చును. 1955 నాటి ఆక్స్‌ఫర్డు ఇంజను రెండు లీటర్లది. దాని బలము 52 అశ్వశక్తి మాత్రమే. నేటి చిన్నకారులు పెక్కు అంతకంటె బలమైనవి. అయినను నిటారు గట్లను ఎక్కగలిగినది ఈ తగ్గుమెట్టు మహిమ చేతనే.

నాలుగు చక్రముల నడక అన్నివేళల మంచిదియే కదా అని తోచవచ్చును. కాదు. బండి మలుపు తిరుగునపుడు ముందు చక్రములు పెద్దవలయమునను, వెనుకచక్రములు చిన్నవలయమునను పోవును. కనుక ముందువి ఎక్కువమార్లు తిరుగవలెను. ఈ బండిలో రెండు ఇరుసులును ఒకదానితో నొకటి బిగించినట్లుండుటచే ఆ తేడాకు చోటు లేదు. బురదలోనైనచో చక్రము కొంచెము జారి సరిపెట్టుకొనును. గట్టిరోడ్డుమీద జారుటకు వీలుండదు. ఇరుసులు మెలిపడి, టైర్లు అరిగి, తుదకు ఏదో యొక పల్లు విరుగును. కనుక తెలిసిన డ్రైవరు మంచిరోడ్డు రాగానే ముందు చక్రములకు శక్తిని నిలుపును. అడవిలో పసుపు గుండుగల మీటను నొక్కి మరల కలుపును.

యాత్ర ముగిసి ఇంగ్లండు చేరిన పిమ్మట ఈ రెండు బండ్ల గతి వేరువేరాయెను. కేంబ్రిడ్జి మరియొక యాత్రకు పోయి, ఇరాను దేశపు కొండలలో లోయలో పడి నశించెను. ఆక్స్‌ఫర్డును బ్రిటిషు పక్షిశాస్త్రజ్ఞుల సంఘమువారు అట్లాంటిక్ సముద్రమధ్యముననున్న అసెన్షన్ ద్వీపమునకు కొనిపోయిరి. ఆ సంఘము తన శతాబ్దికి గుర్తుగా 1957 నుండి 1959 వరకు అచట సముద్రపక్షులను పరిశీలింపజేసెను. ఆ పని ముగిసినపిమ్మట బండి అచటికి 1,300 కిలోమీటర్ల దూరమున ఉన్న సెయింట్ హెలెనా చేరెను. ద్వీపవాసుల పనులలో అరిగి, అరిగి, చివరకు ఆగిపోయెను.

కదలక నిలిచిపోయిన బండి, నడచుచున్న బండికంటె త్వరగా చెడును. ఇది వినుటకు వింతగా నుండును గాని సేద్యగాండ్రకు తెలియని సంగతి కాదు. పనిలోనున్న నాగటికఱ్ఱు వెండివలె మెఱయును, చూరులో చెక్కినది త్రుప్పుపట్టును. బండిలో ఈ చెడుగు ఎన్నిచోట్ల ఎన్నివిధముల జరుగునో చూడదగినది.

మొదటిది త్రుప్పు. ఇనుము, నీరు, గాలిలోని ప్రాణవాయువు మూడును కలిసినపుడు త్రుప్పు పుట్టును. నీటిలో ఉప్పు చేరినచో విద్యుత్తు అందులో సులభముగా ప్రవహించును గనుక ఈ చర్య వేగవంతమగును. సముద్రతీరమునందలి కిటికీ ఊచలను చూచినవారికి వేరే నిదర్శనము అక్కరలేదు. త్రుప్పుకు మరియొక దుర్గుణము కలదు. అది పుట్టిన ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును. అందుచేత నట్టునకును బోల్టునకును నడుమ త్రుప్పు పుట్టినచో అది ఉబ్బి రెండింటిని ఒకటిగా బిగించివేయును. ఎంత బలవంతుడు స్పానరు వేసి త్రిప్పినను అది తిరుగదు. కోపముతో త్రిప్పినచో బోల్టు తల తెగి చేతికి వచ్చును.

చట్రము లోపల డొల్లగా నుండు నలుపలకల ఉక్కు గొట్టము. మట్టి, నీరు లోపల చేరి అచటనే నిలుచును. పైకి చక్కగా కనబడుచున్న చట్రము లోనినుండి తినివేయబడియుండుట కలదు. కుండ కొనువాడు వ్రేలితో తట్టిచూచినట్లు, పనివాడు చట్రమును చిన్న సుత్తితో కొసనుండి కొసవరకు తట్టుచుపోవును. ఉక్కు గట్టిగానున్నచోట ఖంగుమను ధ్వని వచ్చును; పుచ్చినచోట బోలుగా పలుకును, ఒక్కొక్కప్పుడు సుత్తియే లోనికి దిగును.

అల్యూమినియము త్రుప్పుపట్టదని పైన చెప్పబడినది. కాని అది ఉక్కును ఆనుకొని యుండి, ఆ సందులో ఉప్పుతేమ చేరినచో వేరొక కథ. రెండు వేరువేరు లోహములు, వాని నడుమ ఉప్పునీరు: పాఠశాలలో విద్యార్థులు చూచు విద్యుద్ఘటము ఇదియే గదా! ఈ ఘటమున ఉక్కు నిలిచి, అల్యూమినియము కరగుచుపోవును. రేకులను చట్రమునకు బిగించిన చోట్ల తెల్లని పొడి రాలును. లాండ్ రోవరునకు త్రుప్పు లేదని నమ్మి కొనినవారు ఈ తెల్లపొడిని చూచి నొచ్చుకొనుట తఱచు.

ఇంజను లోపల పిస్టనుల చుట్టు ఉంగరములు సిలిండరుగోడను ఒరసికొనుచు ఉండును. నడచునపుడు నూనెపొర వానిని కాపాడును. ఏండ్ల తరబడి ఆగినపుడు ఆ నూనె క్రిందికి జారిపోవును, తేమ చేరును, ఉంగరములు గోడకు అంటుకొనిపోవును. పెట్రోలు సంగతి అంతకంటె చిత్రము. అందలి తేలికైన భాగములు ఆవిరియై పోగా, మిగిలినది గాలితో కలిసి జిగురుగా మారి, కార్బ్యురేటరులోని సన్నని రంధ్రములను మూసివేయును. బ్రేకులలోని ద్రవము గాలిలోని తేమను పీల్చుకొని, తన్ను కాపాడుకొనలేక, తానున్న గొట్టములనే త్రుప్పు పట్టించును. రబ్బరు బీటలువారును. ఆ కాలపు విద్యుత్తీగెలకు నూలుతొడుగు ఉండెడిది. అది శిథిలమై ముట్టుకొన్నంతనే రాలిపోవును. ఇక ఎలుకలు చేయు పని చెప్పనక్కరలేదు.

2017లో ఇంగ్లండులోని యార్క్‌షైరు ప్రాంతమునకు చెందిన పాతబండ్ల సేకర్త యొకడు ఆక్స్‌ఫర్డును ద్వీపమునుండి ఓడలో స్వదేశమునకు రప్పించెను. కొన్ని వేల కిలోమీటర్ల సముద్రయానపు ఖర్చుతో క్రొత్తబండియే వచ్చునని లెక్కలు చూచువారు అనవచ్చును. ఆ లెక్క తప్పు కాదు. కాని క్రొత్తబండి లీడో బాటను చూడలేదు గదా!

ఇట్టి బండి దొరకినపుడు అనుభవములేనివాడు చేయు మొదటిపని, బ్యాటరీ తగిలించి ఇంజనును త్రిప్పజూచుట. అదియే అన్నిటికంటె చెడ్డపని. అంటుకొన్న ఉంగరములు విరిగి, సిలిండరు గోడ గీచుకొనిపోవును. ఏండ్లు నిలిచినదానికి నాలుగుదినములు ఆగుట భారము కాదు. స్పార్కు ప్లగ్గులను తీసి, ఆ రంధ్రములలో పలుచని నూనె పోసి ఉంచవలెను. నూనె మెల్లగా ఉంగరములలోనికి దిగును. పిమ్మట బండిముందు చొప్పించు కడ్డీతో, మోటారుతో కాక చేతితో, కొంచెము ముందునకు, కొంచెము వెనుకకు కదల్పవలెను. ఒకనాడు కదలకున్నచో మరల నూనె పోసి ఊరకుండవలెను. గోరంత కదలినను చేతికి తెలియును. ఈ పనిలో చేయి తిరిగినవారు బలముకంటె ఓపికనే పనిముట్టుగా వాడుదురు.

విప్పుటకు ముందు ప్రతిభాగమును ఫోటో తీసి, ప్రతి మరకును చీటి కట్టుట మంచిపనివారి అలవాటు. బండిని విప్పుట వారములో ముగియును. ఏది యెక్కడిదో తెలియక సంవత్సరములు గడచినవారు కలరు. లోకమున సగము విప్పి వదలివేసిన బండ్ల సంఖ్య, బాగుపడిన బండ్ల సంఖ్యకు తీసిపోదేమో! బిగిసిపోయిన నట్లకు నూనె పట్టించి, మంటతో వేడిచేయుదురు. వేడికి నట్టు వ్యాకోచించి పట్టు సడలును. బ్రేకులలోని రబ్బరు ముక్కలన్నిటిని మార్పవలసినదే. ఇచట పొదుపునకు చోటులేదు. నడువని ఇంజను ప్రాణము తీయదు, నిలువని బండి తీయును.

ముందు చక్రములకడ ఒక విశేషము కలదు. అవి శక్తిని అందుకొనుటయే గాక, మలుపునకు తిరుగవలెను కూడ. అందుకై ఇరుసుకొనల పెద్ద నిమ్మపండంత నునుపుగా క్రోమియము పూత పూసిన ఉక్కుగోళముల వంటి తొడుగులుండును, కాని అవి నిమ్మకంటె చాల పెద్దవి. వాని లోపల కీళ్లు నూనెలో తిరుగును. ఉప్పుగాలికి ఆ పూత గుంటలుపడి, నూనె కారిపోవును. సముద్రతీరపు లాండ్ రోవరును పరీక్షించువాడు మొదట వంగి చూచునది ఈ గోళములనే. మరియొక చిక్కు విద్యుత్తునకు సంబంధించినది. నేటి బండ్లలో బ్యాటరీ ఋణధ్రువమును చట్రమునకు కలుపుదురు. ఆనాటి లాండ్ రోవరులో ధనధ్రువమును కలిపెడివారు. నేటి అలవాటు చొప్పున తీగెలను తగిలించినవాడు పాత పనిముట్లను పాడుచేసికొనును.

ఈ పనులన్నియు తెలిసినవే, నేర్చుకొనవచ్చును. తెగని ప్రశ్న వేరొకటి కలదు. పాతదానిలో ఎంత మార్చవచ్చును? చట్రము పుచ్చినది, మార్చితిమి. రేకులు సొట్టలు పడినవి, మార్చితిమి. ఇంజను అరిగినది, మార్చితిమి. ఇపుడు ఎదుట నిలిచినది ఆ బండియేనా, దాని పేరు పెట్టుకొన్న మరియొక బండియా? తాతగారి గొడ్డలికి నాన్న కామ మార్చి, తాను తల మార్చి, ఇది తాతగారి గొడ్డలి అని చూపినవాని సామ్యము పరిహాసమునకు చెప్పబడును గాని, పాతబండ్లవారికి ఇది పరిహాసము కాదు. ఇంగ్లండులో ప్రభుత్వము చాల సంవత్సరములు దీనికొక లెక్క పాటించెను. చట్రమునకు 5 మార్కులు, ఇరుసులకు 2, గేరుపెట్టెకు 2, స్టీరింగునకు 2, ఇంజనునకు 1, ఇట్లు భాగముల వెల కట్టి, మొత్తము 8కి తగ్గినచో పాత నంబరు ఆ బండికి చెందదనెడివారు. ఇంజను బండికి హృదయమని అందరు అందురు. ఆ లెక్కలో దానికి దక్కినది ఒక్క మార్కు. మన దేశమున 2021లో చేయబడిన నియమము ప్రకారము, మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏండ్లు దాటి, చట్రము, ఇంజను, పైతొడుగు మొదలగు వానిలో పెద్దమార్పులు లేక అసలు రూపమున నిలిచిన బండ్లను ప్రత్యేకముగా నమోదు చేయుదురు. వాని నంబరు పలకలో 'వి.ఏ.' అను అక్షరములుండును.

1948లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనమున ఉంచిన లాండ్ రోవరు విషయముననే ఈ ప్రశ్న ఎదురయ్యెను. 1960వ దశకము తరువాత రోడ్డెక్కని ఆ బండి, వేల్సు ప్రాంతపు పొలములో ఏండ్లు గడపి, పిమ్మట తాను పుట్టిన సాలిహల్ కర్మాగారమునకు కొద్ది మైళ్ల దూరమున ఒక ఇంటి తోటలో పడియుండెను. దానిని గుర్తించి, 2018 జనవరిలో సంస్థవారు బాగుచేయ మొదలుపెట్టినపుడు, వెలిసిపోయిన దాని లేత ఆకుపచ్చరంగును తుడిచివేయక నిలుపుదుమని ప్రకటించిరి. అద్దమువలె మెఱయునట్లు రంగు పూయుట వారికి చేతకాక కాదు. మెఱుపు ఎప్పుడైనను తేవచ్చును. డెబ్బదియేండ్ల యెండవానల గుర్తును ఒకసారి గీకివేసినచో తిరిగి తెచ్చుట ఎవరి తరము కాదు. ఈ నిర్ణయమే సరియైనది.

ఆక్స్‌ఫర్డు కూడ తిరిగి ముదురు నీలిరంగుతో, నడువగలిగిన బండియై నిలిచినది. దానిని ప్రదర్శనశాలలో త్రాళ్లు కట్టి నిలుపుట సులభము, క్షేమము. కాని అట్లు జరుగలేదు. 2019లో కొందరు దానిని సింగపూరునకు కొనిపోయి, అచటినుండి లండనుకు, పూర్వపు యాత్రకు ఎదురుదిశలో, నేలమీదుగా నడిపింప పూనుకొనిరి. మొదటి యాత్రలో పాల్గొన్న టిమ్ స్లెసర్‌నకు అప్పటికి 87 సంవత్సరములు. తానును వత్తునని ఆయన సింగపూరు వరకు వచ్చెను. కాని బయలుదేరు సమయమునకు ఆరోగ్యము చెడి, ఆగిపోవలసివచ్చెను. ఆయన చోటున మనుమడు బండి యెక్కెను.

2019 ఆగస్టు 25వ తేదీన బండి కదలెను. మలేషియా, థాయిలాండు, మయన్మారు దాటి, ఈశాన్యభారతమున నాగా కొండలమీదుగా, టిబెట్టు పీఠభూమినెక్కి, మధ్య ఆసియాలో దిగి, ఐరోపా చేరెను. వెంట క్రొత్తబండ్లు సహాయముగా నడచెను. పాతబండి వేగమునకు అవియే తగ్గి నడువవలసివచ్చెను. 1955లో తెరచియున్న కొన్ని దారులు రాజకీయకారణములచే 2019లో మూసియుండెను; ఆనాడు మూసియుండిన టిబెట్టు, మధ్య ఆసియా దారులు ఈనాడు తెరచియుండెను. 111 దినముల పిమ్మట, 2019 డిసెంబరు 14వ తేదీన, ఆక్స్‌ఫర్డు లండను నగరమును ప్రవేశించెను. మొదట అచటినుండి బయలుదేరినపుడు అది క్రొత్తబండి. తిరిగి వచ్చునప్పటికి దాని వయస్సు 64 సంవత్సరములు.